అన్‌ఫిట్ కోసం ఆగిన మెడ

అబద్ధంగా కుంటడం నేర్చుకుంటున్న రోజుల్లోనే నాకు నిజంగా కుంటి నడక మొదలైంది. ఏది నేను చేస్తున్నదో, ఏది దానంతట అదే జరుగుతున్నదో తేల్చుకోవడానికి నెలలు పట్టింది. ఇంతకంటే తెలివితక్కువ పని చేసినవాళ్లెవరైనా ఉంటే వెళ్లి చేయి కలపాలని ఉంది. కాకపోతే ఇప్పుడు నా వేళ్లు ఎవరి చేతిలోనూ సరిగ్గా ఇమడవు.

మాది బెల్లంపల్లి. బొగ్గుబాయిలో సర్దార్‌గా పనిచేశాను. షిఫ్టు మొదలయ్యే ముందు కార్మికులకంటే ముందు నడిచి, పైకప్పును కర్రతో తట్టి చూసి, చప్పుడు గట్టిగా ఉంటే పని మొదలుపెట్టమనడం, డొల్లగా ఉంటే ఆగమనడం నా నౌకరి. పెద్ద చదువు కాదు గానీ చెవులు బాగుండాలి.

మా బొగ్గు ఊళ్లలో ఒక ఏర్పాటు ఉంది. తండ్రికి పని చేయలేని జబ్బు వచ్చిందని మెడికల్ బోర్డు తేలిస్తే, అతన్ని ఇంటికి పంపి కొడుకును పనిలోకి తీసుకుంటారు. దీన్నే అన్‌ఫిట్ కావడం అంటాం. మిగతా లోకంలో అన్‌ఫిట్ అంటే మనిషి కుంగిపోతాడు. మా కాలనీలో మిఠాయి పంచుతాడు. అయితే రిటైర్మెంటుకు మరీ దగ్గరపడితే ఈ వీలు పోతుంది. కొడుకు వయసు దాటినా పోతుంది. మా ఇంట్లో ఈ రెండు గడియారాలూ ఒకేసారి కొట్టుకుంటున్నాయి. మా సురేశ్ ఇంజనీరింగ్ చదివి, మంచిర్యాలలో ఎవరిదో దుకాణంలో ఫోన్లు బాగుచేస్తున్నాడు.

నా భార్య కమలకు ఒక తమ్ముడున్నాడు, శంకరయ్య. తాను అన్‌ఫిట్ అయి కొడుకును బాయిలో పెట్టినవాడు. అప్పటి నుంచి బోర్డుకు వెళ్లేవాళ్లకు నడక నేర్పడమే అతని కాలక్షేపం. కాలనీలో అతన్ని నడక మాస్టరు అంటారు. చెడ్డవాడు కాదు. నామీద ప్రేమ ఉన్నవాడు. నన్ను ముంచింది ఆ ప్రేమే.

దసరా నుంచి హోళీ దాకా

పాఠం మా ఇంటి ముందు రోడ్డు మీదే మొదలైంది.

"బావా, బోర్డు పిలిచిన నాడు కుంటితే ఎవ్వడు నమ్ముతడు? ముందుగాల కాలనీ నమ్మాలె. ఇయ్యాల్టి సంది ఎడమకాలు జర గుంజు."

"ఎంత గుంజాలెరా?"

"పాల ప్యాకెట్టుకు పోయేటప్పుడు కొంచెం. డిస్పెన్సరీకి పోయేటప్పుడు మంచిగ. కల్లు దుకానంకు పోయేటప్పుడు అసల్కే వద్దు. గాడ ఎవ్వలు పట్టించుకోరు."

నేను శ్రద్ధగల విద్యార్థిని. గుంజాను. మొదట్లో మధ్యలో మరిచిపోయి మామూలుగా నడిచేసేవాణ్ని. అరుగుల మీద కూర్చున్నవాళ్లు "సర్దార్ సాబ్, కాలు మరిచిపోయినవ్" అని గుర్తుచేసేవాళ్లు. అంత మంచి మనుషులు మా దగ్గర. హోళీ నాటికి మరిచిపోవడం పూర్తిగా మానేశాను. కాలు దానంతటదే బిర్రుగా, బిగుసుకుపోయినట్టు పడేది. శంకరయ్య ఒకనాడు వెనక నుంచి చూసి చప్పట్లు కొట్టాడు.

"శబాష్ బావా! ఇంతమందికి నేర్పిన గని నీ అసొంటోడు దొరకలే. కుంటుతున్నట్టే లేదు. పుట్టుకతోటి వచ్చినట్టుంది."

నేను ఉబ్బిపోయాను. నటన ఒంటబట్టిందనుకున్నాను.

మొదట అనుమానించింది కమల. ఒక పొద్దున స్నానం చేసి వస్తుంటే వాకిట్లో బియ్యం చెరుగుతూ ఆగింది.

"బయట కుంటితే కుంటినవ్. ఇంట్ల ఎవ్వలు జూస్తున్నరని కుంటుతున్నవయ్యా?"

"అలవాటు గావాలె గదనే."

"స్నానాల గదిలకు పోయేటప్పుడు గూడనా?" అని చాట కింద పెట్టింది. "ఎడమకాలు అని జెప్పిండు మా తమ్ముడు. నువ్వు రెండు గుంజుతున్నవ్."

నేను తలవంచి నా కాళ్లను చూసుకున్నాను. ముప్పై ఏళ్లు బాయిలో నన్ను నడిపించిన కాళ్లు. ఎవరివో కాళ్లలా కనిపించాయి.

నిజానికి అంతకు ముందే కొన్ని నాకు తెలుసు, తెలియనట్టు ఉన్నాను. నడుస్తుంటే నేల మీద కాక పరుపు మీద నడుస్తున్నట్టు ఉండేది. సబ్బు కళ్లలో పడకుండా కళ్లు మూసుకుంటే తూలి గోడ పట్టుకునేవాణ్ని. బాయిలో, టోపీ దీపం వెలుగు పాదాల మీద ఉన్నంతసేపు బాగానే నడిచేవాణ్ని. వెలుగు పైకప్పు మీదికి తిప్పగానే కాళ్లు ఎక్కడున్నాయో నాకు తెలిసేది కాదు. కళ్లతో చూస్తేనే కాళ్లున్నట్టు. ఒకనాడు పైకప్పు తట్టే కర్ర చేతిలోంచి జారిపోయింది. మర్నాడు మళ్లీ. పక్కనున్నవాడు నవ్వకుండా తీసి నా చేతిలో పెట్టాడు. అతను నవ్వి ఉంటే బాగుండేది. నవ్వలేదు కాబట్టే నాకు భయమేసింది. నలుగురి నెత్తిమీది కప్పు చూడాల్సినవాడి చేతిలో కర్ర నిలవకపోతే ఆ చేయి ఇంట్లో ఉండాలన్న బుద్ధి మాత్రం నాకుంది. ఆ వారమే సిక్ లీవు పెట్టాను. శంకరయ్య సంతోషించాడు. సిక్ లీవులు ఎక్కువుంటే బోర్డుకు బలమట.

ఎండలు

లోకంలో చాలామందికి గుండెతో తంటా. నాకు గుండీతో వచ్చింది. చొక్కా వేసుకోవడానికి చాలాసేపు పట్టేది. వేళ్లకు ఎవరో పలుచటి తొడుగు వేసినట్టు, గుండీ దొరికేది, కాజా దొరికేది, రెండూ ఒకేసారి దొరికేవి కావు. అన్నంలో పప్పు కలిపితే ముద్ద నిలిచేది కాదు. నోటి దాకా వచ్చేసరికి సగం పళ్లెంలో, సగం లుంగీ మీద. బతుకంతా చేతినే నమ్ముకున్నవాడికి చివరికి చేయే చేయిచ్చింది.

చెప్పులు వెతుక్కోవడానికి తల వంచితే వీపు మధ్య నుంచి పాదాల దాకా కరెంటు తీగ తాకినట్టు జుమ్మనేది. తలవంపులు తెచ్చేది కొడుకులే అనుకునేవాణ్ని. మెడ కూడా తెస్తుందని తెలియదు.

కమల ఆ నెల తమ్ముడితో చెప్పకుండా నన్ను కరీంనగర్ తీసుకుపోయింది. దవాఖానలన్నీ వరుసగా ఉండే ఆ వీధిలో, కింద మందుల దుకాణం, పైన నరాల డాక్టరమ్మ. బయట గదిలో కుర్చీలకంటే మనుషులు ఎక్కువ. ఫ్యాను మాత్రం ఒక్కరికే తిరుగుతున్నట్టు ఒక మూలకే తిరుగుతోంది. ఆ మూల కూర్చున్న ముసలాయన నన్ను పిలిచి జరిగి చోటిచ్చాడు. సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే నేతాయన, పేరు నర్సయ్య.

"తమ్మీ, నీ గుండీ ఒకటి తప్పు వెట్టినవ్," అని నా చొక్కా మీద చేయి వేశాడు. ఆయన వేళ్లూ గుండీని పట్టుకోలేకపోయాయి. నావీ రంగంలోకి దిగాయి. రెండు చేతులు సరిపోవనుకున్న పని నాలుగు చేతులతోనూ కాలేదు. కమల వచ్చి ఒక్క క్షణంలో పెట్టి వెళ్లింది.

"నాది గూడ గిదే లొల్లి," అన్నాడు నర్సయ్య. "సాంచెల మీద పోగు తెగితే కండ్లు మూసుకొని ముడేసేటోన్ని. ఇప్పుడు కండ్లు తెరిచినా ముడి వడ్తలేదు. ముసల్తనం అనుకున్న."

"నేను నా ప్రతిభ అనుకున్న," అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. కమలకు అయింది, మొహం తిప్పుకుంది.

డాక్టరమ్మ నన్ను పిడికిలి గబగబా మూసి తెరవమంది. నా పిడికిలి నిద్రలో ఉన్నవాడి పిడికిలిలా కదిలింది. ఒక పాదం వేళ్లకు రెండో పాదం మడమ ఆనిస్తూ గీత మీద నడవమంది. రెండో అడుగుకే ఆమె భుజం పట్టుకున్నాను. స్కాన్ తీయించుకొని రమ్మంది. తీశాక తెరమీద చూపించింది.

"ఇది కాలు గాదు, నడుం గాదు. మెడ."

"నాకు మెడనొప్పే లేదమ్మా. ఒక్కనాడు లేదు."

"అదే దీని మోసం. చాలామందికి నొప్పి ఉండదు. అందుకే మీలాంటి పెద్దవాళ్లు వయసు మీద తోసేసి ఊరుకుంటరు."

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను. వయసు పైబడేకొద్దీ మెడ ఎముకల మధ్య ఉండే మెత్తటి బిళ్లలు ఎండి పక్కలకు ఉబ్బుతాయట. ఎముకల అంచులు పెరుగుతాయట. వెనక ఉండే పట్టీ మందమవుతుందట. అన్నీ కలిసి మధ్యలో ఉన్న దారిని ఇరుకు చేస్తాయి. ఆ దారిలో ఉండేదే వెన్నుపాము. నాలో ఒక పాము ఉందని, దాన్ని ఏళ్ల తరబడి నా ఎముకలే నొక్కిపట్టాయని అప్పుడు తెలిసింది. మెల్లగా నొక్కుకుంటూ పోతే దానికి రక్తం చాలదు. ముందు నరాల మీది పొర ఊడి కబురు ఆలస్యంగా పోతుంది. ఆ తర్వాత నరాలే చస్తాయి. పొర దెబ్బతిన్న చోట కొంత తిరిగి రావచ్చు, చచ్చిన నరం మళ్లీ మొలవదు.

బాయిలో పాత గ్యాలరీలు ఇలాగే మూసుకుంటాయి. ఒక్కసారి కూలవు. పైకప్పు కొంచెం దిగుతుంది, నేల కొంచెం ఉబ్బుతుంది, ఒకనాడు బొగ్గు బండి పట్టదు. ఆ చప్పుళ్లు వినడానికే జీతం తీసుకున్నవాణ్ని, నా మెడ దగ్గరికొచ్చేసరికి చెవిటివాణ్నయ్యాను.

"మెట్లు దిగినట్టు దిగుతది ఇది," అంది డాక్టరమ్మ. "కొన్నాళ్లు ఒక మెట్టు మీద ఆగుతది. ఆగింది గదా అని మీరు సంబరపడతరు. ఒక్కసారి ఇంకో మెట్టు దిగుతది. ఆపరేషన్ చేస్తే ఆ దిగుడు ఆపుతం. దిగిన మెట్లు మళ్ల ఎక్కిస్తమని మాత్రం మాటియ్యలేను. అందుకే తొందరగా రండి."

బయటికి వచ్చేసరికి నర్సయ్యకు కూడా అదే మాట చెప్పి పంపారు. "నేనైతే వచ్చే వారమే," అన్నాడాయన. "నువ్వు తమ్మీ?"

"నేను గూడ," అన్నాను.

వానలు

నిజం చెప్తే శంకరయ్య ఆనందిస్తాడనుకున్నాను. అతను తలపట్టుకుని మంచం మీద కూలబడ్డాడు.

"ఎంత పని జేస్తివి బావా! ఇప్పుడు ఆపరేషనంటే ఎట్ల? చేసుకుంటే కాళ్లు మంచిగైతయ్. మంచిగైతే బోర్డోళ్లు ఫిట్ అంటరు. ఇన్నొద్దుల నడక బూడిదల వోసినట్టే."

"నరాలు చస్తున్నయట రా," అంది కమల.

"బోర్డు గాంగనే తెల్లారే నేను తోల్కపోయి చేపిస్త అక్కా. నొప్పే లేదాయె, ఏం ఫికర్? గా స్కాను మాత్రం బోర్డుకు చూపియ్యొద్దు. మెడ అంటే వాళ్లు ముందు వైద్యం చేసుకొని రాపో అంటరు. నడుం అని చెప్పాలె. నడుం నొప్పిని ఏ మిషినీ పట్టలేదు."

అతను చెప్పిన మాట విన్నాను. ఎందుకు విన్నానని ఇప్పుడు అడిగితే సమాధానం ఉంది గానీ బాగుండదు. కొడుకు కోసం అని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది. అంతకంటే ఎక్కువ, కత్తికి భయపడ్డాను. మెడ కోయించుకోవడం ఆలస్యం చేయడానికి ఇంత గౌరవమైన కారణం దొరికితే ఎవరు కాదంటారు?

ఆదివారం సురేశ్ వచ్చాడు. వాడితో విడిగా చెప్పాను. కరీంనగర్ డాక్టరమ్మ మెడకు ఆపరేషన్ అంటోందని, మామ బోర్డు దాకా ఆగమంటున్నాడని. చెప్పి వాడి మొహం చూస్తూ కూర్చున్నాను. నౌకరి పోతే పోనీ బాపు, పోదాం పా, అని ఒక్క మాట వాడి నోటి నుంచి రావాలి. వస్తే రేపే వెళ్లేవాణ్ని. వాడు చిన్నగా నవ్వాడు. "నీ ఇష్టం బాపు," అన్నాడు.

ఆ మాటను చాలా రోజులు నమిలాను. దాంట్లో నా ఇష్టం ఎక్కడా దొరకలేదు.

బోర్డు పిలుపు కోసం వానాకాలమంతా ఎదురుచూశాం. ఈలోగా పాము తన మెట్లు తాను దిగింది. పెన్ను పట్టుకోవడం పోయింది. ఒంటికి పోవాలనిపిస్తే ఆ క్షణమే పోవాలి. నడిచి చేరేలోపు కాళ్లకూ దానికీ పందెం, కాళ్లెప్పుడూ ఓడేవి. కమల నా చొక్కాల గుండీలన్నీ కత్తిరించి టిచ్చు బటన్లు కుట్టింది. నొక్కితే చాలు, బిగుసుకుంటాయి. ఒక్కో చొక్కా కుట్టి మడత పెట్టింది. చిన్నపిల్లలకు కుట్టినట్టు కుట్టింది, అదే నాకు నచ్చలేదు. ఆ రోజు ఆమె మీద ఉత్తపుణ్యానికి అరిచాను.

"ఇంక అరువయ్యా," అంది. "అరిచుడన్న సక్కగ వస్తుంది నీకు."

నర్సయ్య ఫోన్ చేశాడు. ఆపరేషన్ అయిందట. మెడకు పట్టా వేశారట. "నీదెప్పుడు తమ్మీ?" అన్నాడు. "వచ్చే నెల," అన్నాను. ఆ తర్వాత రెండుసార్లు చేశాడు. ఎత్తలేదు.

చలి

బోర్డు రోజున కారిడార్‌లో మాలాంటివాళ్లు బారులు తీరి ఉన్నారు. ఒకరు దగ్గు, ఒకరు కన్ను, ఎక్కువమంది నడుము. సగంమంది శంకరయ్యకు నమస్కారం పెట్టారు. అతను నన్ను ఓ మూలకు తీసుకుపోయి నడిపించి చూశాడు. మొహం చిట్లించాడు.

"గిదేంది బావా, రెండు కాళ్లు కర్రలోలె ఏస్తున్నవ్? గిది సూడంగనే యాక్టింగ్ అని దొరుకుతది. నడుం నొప్పోడు గిట్ల నడువడు. ఎడమకాలు ఒక్కటే గుంజు, చెయ్యి నడుం మీద వెయ్యి. నేను నేర్పినట్టు నడువు, నీ సొంతం వద్దు."

నా సొంత రోగం అబద్ధంలా ఉందట. నిజమైన కుంటి నడకను దాచి దాని మీద అబద్ధపు కుంటి నడక నడవడం ఎంత కష్టమో మీకు చెప్పలేను. సర్కస్‌లో కూడా ఇది చేయించరు.

లోపల డాక్టరు అలసిపోయి ఉన్నాడు.

"ఏం సమస్య?"

"నడుం నొప్పి సార్."

"నడువుండ్రి."

నడిచాను. గురువు నేర్పినట్టు.

"పండుకోండ్రి."

పడుకోవడానికి చొక్కా ఎత్తితే టిచ్చు బటన్లన్నీ ఒకేసారి టపటపా ఊడాయి. ఆయన చేయి నా నడుము మీదికి వస్తోంది. వస్తున్నట్టు గాలి తగిలింది. "అమ్మా!" అన్నాను.

"ఇంకా ముట్టలేదు పెద్దాయనా," అన్నాడు డాక్టరు.

పక్కనున్నవాళ్లు నవ్వారు. నాకే నవ్వొచ్చింది. నవ్వానేమో కూడా. ఫిట్ అని రాశారు.

ఆ డాక్టరును నేను తప్పుపట్టను. నేను చూపించిన రోగం ఆయన చూశాడు, అది నాకు లేదు. నాకున్న రోగాన్ని నేను ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేసి వచ్చాను.

తిరుగు దారిలో మంచిర్యాల బస్టాండ్‌లో దిగుతుంటే ఆఖరి మెట్టు మీద కాలు ఎక్కడుందో తెలియలేదు. ముందుకు పడ్డాను. మెడ వెనక్కి విరిగినట్టయింది. కాళ్లలోకి కరెంటు వచ్చి, ఆగిపోయింది. ఆ తర్వాత కాళ్లు లేవు. ఉన్నాయి, కళ్లకు కనిపిస్తున్నాయి, అంతే. చుట్టూ జనం. శంకరయ్య నా పక్కన వంగి చెవిలో అన్నాడు:

"లే బావా. ఇగ అయిపోయింది గదా, ఇంకెందుకు?"

నా రోగం అతనికి తెలుసు. స్కాన్ చూశాడు. అయినా ఆ మాట అతని నోటి నుంచి అలవాటుగా వచ్చింది. నా మొహం చూశాక అతని మొహం తెల్లబోయింది. ఆ తెల్లదనం చూస్తే నాకు కొంచెం తృప్తి కలిగింది. అంత దూరం పోయింది నా పరిస్థితి.

కరీంనగర్‌లో డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే ఆ రాత్రి నిద్రపోయేవాణ్ని. "ఇన్ని నెలలు ఏం చేసిండ్రు?" అని మాత్రం అడిగింది.

"నాటకం నేర్చుకున్నడమ్మా," అంది కమల. "ఫెయిలయిండు."

గొంతు ముందు నుంచి కోసి, నొక్కుతున్నదాన్ని తీసేశారు. లోపలికి తీసుకుపోయే ముందు పైకప్పు లైట్లు ఒక్కొక్కటే వెనక్కి పోతుంటే, పైకి చూస్తూ పోవడం నాకు అలవాటైన పనే కదా అని ధైర్యం చెప్పుకున్నాను. పనిచేయలేదు. సురేశ్ నా పాదం పట్టుకుని నడుస్తున్నాడని తర్వాత కమల చెప్పింది. నాకు తెలియలేదు. పాదానికి ఆ కబురు అందలేదు.

నాలుగో రోజో ఐదో రోజో, వాడు చెంచాతో జావ తాగిస్తుంటే అడిగాను. గొంతు బొంగురు, మెడకు పట్టా, ఎటూ తిరగలేను, వాడు తప్పించుకోనూ లేడు.

"ఆనాడు నీ ఇష్టం అన్నవెందుకురా?"

వాడు చెంచా గిన్నెలో పెట్టాడు. "అది గూడ మామ చెప్పిందే అనుకున్న బాపు. కరీంనగర్ పోవుడు, మెడ అనుడు, అంత బోర్డు కోసం తయారు చేస్తున్నరనుకున్న. నువ్వు ఊకె కుంటుతున్నవనే అనుకున్న."

"నౌకరి వద్దనుకోలేదా?"

"కావాలెనని ఉండె. అబద్ధమెందుకు? కని గిట్ల గాదు." మళ్లీ చెంచా ఎత్తాడు. "నోరు తెరువు."

తెరిచాను. కాలనీని నమ్మించాలని బయలుదేరినవాణ్ని, కడుపున పుట్టినవాణ్ని కూడా నమ్మించానన్నమాట. శంకరయ్య శిష్యుల్లో నిజంగానే నా అసొంటోడు లేడు.

ఇప్పుడు

బోర్డుకు మళ్లీ పోయే గడువు దాటిపోయింది. సెలవు మీద సెలవు పెట్టి రిటైర్మెంటు దాకా ఈడ్చుకొచ్చాను. సురేశ్ ఫోన్లే బాగుచేస్తున్నాడు. వాడి వేళ్లు సన్నటి స్క్రూలను పట్టి తిప్పుతుంటే చూడడం నాకు ఇష్టం, చూడలేను కూడా.

కర్రతో నడుస్తాను. కాళ్లు ఇంకా బిర్రుగానే. చేతుల్లో చెంచా నిలుస్తుంది, ముద్ద నిలవదు. దిగుడు ఆగింది. ఎక్కుడు లేదు.

మరో పరీక్షకు కరీంనగర్ వెళ్లినప్పుడు అదే బయట గదిలో నర్సయ్య కనిపించాడు. ఫోన్ ఎందుకు ఎత్తలేదని అడగలేదు. సంచిలోంచి బత్తాయి తీసి, గోటితో గీసి, తొక్క ఒలిచి, తొనలు విడదీసి ఒక్కొక్కటే నా అరచేతిలో పెట్టాడు. ఆ వేళ్లు చేస్తున్న పని మీదే నా కళ్లున్నాయి.

"సాంచెల మీదికి పోతున్న తమ్మీ," అన్నాడు. "మునుపటంత జోరు లేదు గని ముడి నిలుస్తుంది."

ఇద్దరికీ ఒకే వారం ఒకే మాట చెప్పారు. ఆయన వెళ్లాడు, నేను ఆగాను. సంతోషించాల్సిన చోట నేను సంతోషించలేకపోయాను. తొనలు తిన్నాను. తియ్యగానే ఉన్నాయి, అదీ నచ్చలేదు.

చదివేవాళ్లకు ఒక మాట. మీ ఇంట్లో పెద్దవాళ్లు గుండీ దగ్గర ఆలస్యం చేస్తుంటే, సంతకం మారిపోతుంటే, చీకట్లో గోడ పట్టుకుంటుంటే, పరుపు మీద నడుస్తున్నట్టుందంటే, నొప్పి ఉందా అని అడిగి లేదంటే వదిలేయకండి. వయసు మీద పడేయకండి. వయసు చాలా మోస్తుంది, ఇది కూడా మోయమనడం న్యాయం కాదు. నరాల డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. పొమ్మంటే పోండి. ఆగడానికి మీకెంత గొప్ప కారణం ఉన్నా, వెన్నుపాముకు ఆ సంగతి చెప్పేవాళ్లెవరూ ఉండరు.

ఇక శంకరయ్య సంగతి. బస్టాండు తర్వాత కొన్ని నెలలు మా గడప తొక్కలేదు. తర్వాత మెల్లగా ఎదురుగా ఉన్న చాయ్ దుకాణం దాకా వచ్చాడు. సాయంత్రం పూట బెంచీ మీద కూర్చునేవాడు. అతనితో ఇద్దరు ముగ్గురు ఎవరెవరో. రోజూ ఆ వేళకే నేను మూలమీది దుకాణం దాకా నడిచి వస్తాను. డాక్టరమ్మ చెప్పిన నడక. వాళ్లు చాయ్ తాగుతూ చూసేవారు. పలకరించాలంటే సిగ్గుపడుతున్నాడేమో అనుకున్నాను. నాకు మనుషుల మీద నమ్మకం ఎక్కువ.

ఒకనాడు కమల పాలకోసం పోయి వచ్చి గిన్నె ఠక్కున కింద పెట్టింది.

"వాడు వాళ్లను ఎందుకు తోల్కొస్తున్నడో ఎర్కేనా? నీ నడక చూపియ్యనీకి. 'అసలుది గిట్లుంటది, మంచిగ చూసి నేర్చుకోండ్రి' అంటున్నడు. నా చెవులార విన్న."

పిడికిలి బిగించాలనిపించింది. అదీ సరిగ్గా బిగియలేదు.

మర్నాడు సాయంత్రం స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, ఇంటి ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. కర్ర పక్కన పెట్టుకున్నాను. శంకరయ్య వచ్చాడు. వెంట ఇద్దరు కొత్తవాళ్లు, ఒకతను రామకృష్ణాపూర్ నుంచట. చాయ్ చెప్పారు. చూశారు. నేనూ చూశాను.

చాయ్ అయిపోయింది. మళ్లీ చెప్పారు. నేను కదలలేదు.

చివరికి రోడ్డు దాటి వచ్చాడు. నెలల తర్వాత మొదటిసారి.

"బావా, పానం మంచిగున్నదా?"

"మంచిగున్నది."

"ఇయ్యాల నడువవా?"

"నడువ."

"డాక్టరమ్మ నడువుమన్నది గదా?"

"గామె చూస్తే నడుస్త."

అతను గొంతు తగ్గించాడు. "జర లేసి గా మూలదాక పోయి రారాదే. పాపం, గీళ్లు దూరంకెళ్లి వచ్చిండ్రు."

"నా నడకల చూసేదేముందిరా?" అన్నాను, బెంచీ దాకా వినిపించేలా. "నేను ఫిట్ మనిషిని. బోర్డే చెప్పింది."

రామకృష్ణాపూర్ అతను లేచి నిలబడి, ఎటు చూడాలో తెలియక గ్లాసులోకి చూశాడు. శంకరయ్య వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. పోలేదు. నేనెప్పుడో లేవక తప్పదని అతనికి తెలుసు. నా రోగం గుట్టంతా అతనికి తెలుసు మరి.

అతని లెక్క తప్పు కాదు. పొత్తికడుపులో అప్పటికే ఒత్తిడి మొదలైంది. ఆ కబురు మాత్రం ఎప్పుడూ ఆలస్యం కాదు. కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను. కమల గుమ్మంలోకి వచ్చింది. కుర్చీ చేతుల మీద నా పట్టు చూసి అర్థం చేసుకుంది.

"లోపటికి రారాదయ్యా," అంది మెల్లగా.

"ఉండు."

ఆమె వెళ్లలేదు. గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలవడం మొదలుపెట్టింది, తీరిగ్గా, ఎంతకీ అయిపోకుండా. దోమలు లేచాయి. దీపాలు వెలిగాయి. కొత్తవాళ్లు బస్సు టైము గురించి ఏదో అన్నారు. ముందు ఒకతను లేచాడు, తర్వాత రెండోవాడు. ఆఖరున శంకరయ్య. నావైపు చూడకుండా మలుపు తిరిగాడు.

అప్పుడు లేచాను. గడప చేరేలోపే లుంగీ తడిసిపోయింది. కమల చిక్కుళ్లు పక్కన పెట్టి, పొడి లుంగీ తెచ్చి నా భుజం మీద వేసింది.

"పోయిండ్రా?"

"పోయిండ్రు," అన్నాను. "చూడలే."